గడప లోపల అడిగే మనిషి

మూడున్నర దాటింది. అయిదున్నరకి నక్షత్రం మారిపోతుంది, ఆలోపే గౌరమ్మలు గడప దాటాలి. పొద్దున దత్తా కళ్లద్దాలు తుడుచుకుని పంచాంగం రెండుసార్లు చదివి, "అయిదున్నర, మందా, అయిదూ ముప్ఫై ఒకటి కూడా పనికిరాదు," అని నవ్వించబోయి, భార్య నవ్వకపోయేసరికి చెప్పులేసుకుని పసుపు మార్కెట్‌కి వెళ్లిపోయాడు. మందాకిని పెరట్లో తులసికోట దగ్గర పీట వేసుకుని కూర్చుంది. పక్కన చేట, చేటలో బియ్యం, బియ్యం మీద పెద్ద గౌరి, చిన్న గౌరి, ఇద్దరి ఇత్తడి ముఖాలూ చింతపండుతో తోమితే తళతళలాడుతున్నాయి, వాటి పక్కన వేళ్లతో సహా పీకి తెచ్చిన కాశీతుంబ మొక్కల కట్ట, అన్నిటి మీదా ఎర్ర రవికెగుడ్డ. హాల్లో రెండు ఇనప స్టాండ్లకీ చీరలు కట్టడం మధ్యాహ్నానికే అయిపోయింది, పెద్దామెకి ఆకుపచ్చ, చిన్నామెకి వంకాయరంగు, కుచ్చిళ్లకి పిన్నులు పెట్టి, గాజులు కూడా తొడిగి, తీరా చూస్తే తలల్లేని ఆ రెండు చీరల మధ్య ఒక్కతే ఉండబుద్ధి కాలేదు, బయటికొచ్చేసింది. తులసికోట నుంచి గడప దాకా, గడప నుంచి హాలు దాకా, పిడికిలి బియ్యప్పిండి నీళ్లలో ముంచి నేల మీద అద్దుతూ, వేలికొసతో అయిదేసి చుక్కలు పెడుతూ, గౌరమ్మ పాదాలు వేసింది. వంగి వెయ్యడానికి నడుం సహకరించలేదు, కూర్చుని జరుగుతూ వేసింది. మబ్బు పట్టి ఉంది, చినుకు పడితే పెరట్లోవి చెరిగిపోతాయి, అయినా ఇంకోసారి వేసే ఓపిక లేదు.

అన్నీ అమర్చింది, అడిగే మనిషే లేదు. ఒకరు చేట పట్టుకుని గడప బయట నిలబడాలి, ఇంకొకరు లోపల నిలబడి ఎవరొచ్చారని అడగాలి, అడిగిన దానికి జవాబు చెబుతూ లోపలికి రావాలి, అత్తగారు నేర్పిన పద్ధతి అది, ఆవిడకి వాళ్లత్తగారు నేర్పింది. ఇద్దరు కోడళ్లున్న ఇంట్లో దానికేం కొదవ అనుకుని ఉంటుంది పాపం. పద్నాలుగేళ్లుగా పక్కింటి గోదూఆజీ వచ్చి అడిగేది. బోసినోటితో, చేతికర్ర గడపకి ఆనించి, "ఎవరే వచ్చింది, గట్టిగా చెప్పు, నాకు వినపడి చావదు," అంటూ. ఆవిడ ఆషాఢంలో పోయింది. మధ్య గోడ అవతల తాళం వేసిన తలుపు కనిపిస్తోంది, దాని మీద ఎవరో వినాయకుడి చందా చీటీ అంటించి వెళ్లారు. వీధిలో మిగతా ఆడవాళ్లని పిలుద్దామంటే అందరిళ్లలోనూ ఇదే గడియ, ఎవరి గౌరి వాళ్లకి. వీధి చివర వినాయకుడి పందిట్లో మైకు ఒకే పాట మళ్లీ మళ్లీ పాడుతోంది. ఎదురింట్లో పళ్లెం మీద గరిటెతో వాయిస్తున్నారు, అంటే వాళ్లకి గౌరి లోపలికి వచ్చేసినట్టే, ఆ ఇంటి కోడళ్లు నవ్వుతున్నారు, ఎవరో పిల్ల పొరపాటు జవాబు చెప్పినట్టుంది.

దత్తా నిన్న రాత్రి భోజనం దగ్గర అన్నాడు, "నేను నీ చీర కట్టుకుని గడప లోపల నిలబడతాను, గొంతు సన్నం చేసి అడుగుతాను, గౌరమ్మకి తెలుస్తుందంటావా?" నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. కాసేపటికి రొట్టె తుంచుతూ తలెత్తకుండా, "పోనీ మిరజ్‌కి ఫోన్ చెయ్యనా, వసంత్‌తో చెబుతాను," అన్నాడు. "వద్దు" అంది. మిరజ్ ఏమీ పరదేశం కాదు, సిటీ బస్సెక్కితే అరగంట. అక్కడ రైల్వే క్వార్టర్లలో మరిది వసంత్ ఉన్నాడు, తనని వహినీ అని, అక్కా అన్నట్టు, పిలిచే తోడికోడలు ఉజ్వల ఉంది, వాళ్ల కూతురు జుయి ఉంది. అన్నదమ్ములు మార్కెట్లో కలుసుకుంటారు, టీ తాగుతారు, ఇంటికొచ్చాక దత్తా ఆ సంగతి ఎత్తడు, అతని చొక్కాకి పసుపు వాసనతో పాటు వసంత్ నమిలే జర్దా వాసన కూడా ఉంటుంది కాబట్టి ఆమెకి తెలుస్తుంది. వద్దని అన్నది తనే, పొద్దున దత్తా వీధి మలుపు తిరగగానే ఫోన్ తీసిందీ తనే. ఆ నంబరు చూడకుండా వస్తుంది. పద్నాలుగేళ్లలో ఒక్కసారీ నొక్కలేదు, నోటికి మాత్రం వస్తుంది. అటు ఒక ఆడపిల్ల గొంతు, తొందరలో ఉన్న గొంతు, "హలో, ఎవరండీ?" అంది. మందాకిని ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "ఎవరండీ మాట్లాడేది?" "సాంగ్లీ నుంచి." "సాంగ్లీ నుంచి ఎవరు?" ఎవరని చెప్పాలి? నాలుగేళ్లు నన్ను ఆయీ అని, అమ్మా అని పిలిచావే, మీ అమ్మని పిన్నిలా కాకు అనేదానివి, ఆమె ముద్దు చేయబోతే నా కొంగు చాటుకి పరిగెత్తేదానివి అని చెప్పాలా. "మీ అమ్మతో చెప్పు, మందావహిని చేసిందని. ఇవాళ గౌరిని తేవాలి, ఇక్కడ అడిగేవాళ్లెవరూ లేరు, అయిదున్నర లోపు అని చెప్పు." "సరే ఆజీ, చెబుతాను," అంది జుయి, ముసలమ్మలతో అన్నట్టు, మర్యాదగానే. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ 'ఆజీ' అన్న మాట దగ్గరే ఉండిపోయింది మందాకిని. యాభై అయిదేళ్లు. గొంతు అంత ముసలిదైపోయిందా. మాట్లాడే పని లేక తుప్పు పట్టి ఉంటుంది.

జుయి ఎనిమిది నెలల పిల్లగా వచ్చింది. ఉజ్వలకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసి ఆస్పత్రిలో పడేశారు, పెద్దవాడు ఓంకార్ అప్పటికి రెండేళ్లవాడు, వాణ్ణి వసంత్ చూసుకున్నాడు, పాలు మాన్పించిన పిల్లని ఎవరు చూస్తారు. మందాకినికి పెళ్లయి పదహారేళ్లు, కడుపు పండలేదు. ఆస్పత్రి మంచం మీద పడుకుని ఉజ్వల రెండు చేతులూ పట్టుకుని అంది, "వహినీ, దీన్ని నీ ఒళ్లో వేసేస్తున్నాను, ఇంక నీ పిల్లే, నేను బతికినా అడగను." కాగితమా పత్రమా. తోడికోడళ్ల మధ్య కాగితం ఏమిటి. జబ్బు తగ్గాక కూడా అడగలేదు, పండక్కి వచ్చి చూసి వెళ్లేది, గౌరి పూజ ముందురోజే వచ్చి పదహారు కూరలూ తరిగేది, జుయి తనని కాకు అని పిలిస్తే నవ్వేసి అరటిపండు చేతిలో పెట్టేది, ఆ నవ్వు వెనకాల ఏముందో చూడాలని మందాకినికి ఎప్పుడూ అనిపించలేదు. చూడాల్సిన అవసరం ఏముంది, పిల్ల ఒళ్లో నిద్రపోతుంటే. పిల్ల పాదాలు ఎంత చిన్నగా ఉండేవంటే బియ్యప్పిండిలో నిజంగానే ఆ పాదాలు ముంచి గడప మీద వేయించింది ఒక ఏడు, అత్తగారి పద్ధతి పక్కన పెట్టి. జుయి కాళ్లు దులుపుకుంటూ ఇల్లంతా తెల్లగా చేసింది.

తరవాత ఓంకార్. ఆరేళ్లు వాడికి. వానాకాలం జ్వరం, నాలుగు రోజులు, అయిదో రోజు లేడు. దత్తా భుజాల మీద కూర్చుని కృష్ణ ఒడ్డున పడవలు చూసేవాడు, పెదనాన్న చెవులు పట్టుకుని అటు తిప్పు ఇటు తిప్పు అనేవాడు. పదమూడో రోజు గడిచిన వారానికి ఉజ్వల వచ్చింది. ఇదే పెరట్లో, ఈ తులసికోట ముందే, నుదుట కుంకుమ చెమటకి కారిపోయి ఉంది, జుట్టు దువ్వుకోలేదు, చేతిలో సంచి కూడా లేదు. "వహినీ, పిల్లని ఇచ్చెయ్యి," అంది. అంతే అంది. "నా ఇంట్లో చప్పుడు లేదు వహినీ, ఇచ్చెయ్యి." జుయి అప్పుడు ఇక్కడే కూర్చుని పూలు తుంపుతోంది. మందాకిని ఏం చెయ్యాలి అప్పుడు? ఏడవాలి, బతిమాలుకోవాలి, కొన్నాళ్లు ఆగవే అనాలి, లేదా లోపలికి తీసుకెళ్లి ఇంత అన్నం పెట్టాలి. పద్నాలుగేళ్లలో ఇవన్నీ వేల సార్లు అంది, గిన్నెలు తోముతూ, బియ్యం ఏరుతూ, లోపల్లోపల. ఆ రోజు మాత్రం అన్నది అది కాదు. "వాణ్ణి పొట్టన పెట్టుకున్నావు, చాలలేదా? దీన్ని కూడా పెట్టుకోడానికి వచ్చావా?" అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చింది, ఎవరో అన్నది తను విన్నట్టు కాదు, గట్టిగా, స్పష్టంగా, ఉజ్వల మొహంలోకి చూస్తూ అంది. ఉజ్వల వంగి పిల్లని ఎత్తుకుంది. పిల్ల ఆయీ ఆయీ అని ఏడుస్తుంటే వీధి చివరి దాకా ఆ ఏడుపు వినిపించింది.

ఆ తరవాత మందాకిని ఎవరి మొహమూ చూడలేకపోయింది. మాట ఎక్కడ ఆగుతుంది, ఉజ్వల వసంత్‌తో చెప్పి ఉంటుంది, వసంత్ అక్కతో, ఇచల్‌కరంజిలో ఉన్న ఆడపడుచు శాలిని ఊరంతటికీ. శాలిని కూతురి పెళ్లికి శుభలేఖ వచ్చింది, వెళ్లలేదు. రెండో కూతురి పెళ్లికీ వెళ్లలేదు. మేనల్లుడి ఒడుగు, పినమామగారి ఎనభై ఏళ్ల వేడుక, వసంత్ క్వార్టరు మారినప్పటి గృహప్రవేశం. దత్తా ఒక్కడే వెళ్లొచ్చేవాడు, ఆవిడకి ఒంట్లో బాగాలేదని చెప్పేవాడు. ఒకసారి బస్టాండులో శాలిని ఎదురుపడి, కళ్లెత్తి చూసి, పలకరించకుండా మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. ఇంకేం సాక్ష్యం కావాలి, అందరికీ తెలుసు. బిడ్డ పోయిన తల్లిని అంత మాటన్న మనిషి అని వాళ్లంతా అనుకుంటారు, అనుకోవడం న్యాయమే. ఆ నలుగురి మధ్య పట్టుచీర కట్టుకుని ఎలా కూర్చుంటుంది. పోనీ ఉజ్వల కాళ్ల మీద పడదామంటే, పడితే ఆ మాట మళ్లీ పైకి తియ్యాలి.

గేటు కిర్రుమంది. అయిదుంబావు అయింది. ఉజ్వల గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చింది. లావైంది, జుట్టు సగం తెల్లబడింది, మెట్టు ఎక్కేటప్పుడు మోకాలు పట్టుకుంది. పెరట్లో పాదాలు తొక్కకుండా పక్కనుంచి జాగ్రత్తగా నడిచి వచ్చి, పద్నాలుగేళ్ల తరవాత మొదటి మాటగా, "బస్సు ఆ లెవెల్ క్రాసింగ్ దగ్గర ఇరవై నిమిషాలు ఆపేశాడు వహినీ, వాడి మొహం మండ. ఇంకా టైముందా?" అంది.

"పదిహేను నిమిషాలుంది."

"అయితే లే. నేను కాళ్లు కడుక్కుని లోపల నిలబడతాను. చేట నువ్వు పట్టుకో, పెద్దదానివి."

మందాకిని లేచింది. చేట బరువుగా ఉంది. గడప బయట నిలబడింది, లోపల హాలు చీకటిగా ఉంది, ఉజ్వల లైటు వెయ్యడానికి చెయ్యి చాపితే వెతుక్కోకుండా నేరుగా స్విచ్ మీదికే వెళ్లింది. కొంగు నెత్తిమీద కప్పుకుని గడప అవతల నిలబడింది.

"ఎవరొచ్చారు?"

"గౌరి వచ్చింది."

"ఏ అడుగులతో వచ్చింది?"

"బంగారపు అడుగులతో వచ్చింది."

"ఇంకా ఏ అడుగులతో వచ్చింది?"

"ధాన్యపు అడుగులతో వచ్చింది."

"ఇంకా ఏ అడుగులతో?"

ఈ చోట గోదూఆజీ ఉన్నన్నాళ్లూ దగ్గు తెచ్చుకుని, "సరే సరే, రా లోపలికి," అని దాటించేసేది. పిల్లాపాపల అడుగులతో వచ్చింది అనాలి ఇక్కడ. మందాకిని నోరు తెరిచింది. గడప అవతల నిలబడ్డ మనిషికి ఆ మాట ఎలా వినిపించాలి, తన నోటితో, ఈ నోటితో. చేటలో బియ్యం గింజలు అంచు మీదికి జారుతున్నాయి. ఉజ్వల ఇంకోసారి అడగలేదు. ఒక్క అడుగు ముందుకి వేసి, చేట అవతలి అంచు పట్టుకుని, మెల్లిగా తనే అంది, "పిల్లాపాపల అడుగులతో వచ్చింది." చేట తన వైపు లాగి, "రా వహినీ, లోపలికి రా. వేళ మించిపోతుంది."

ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని ఇల్లంతా తిప్పారు. ఇది నీ వంటిల్లు గౌరమ్మా, ఇవి నీ గోధుమల డబ్బాలు, ఇది దేవుడి గూడు. పక్కగది దగ్గర మందాకిని ఆగకుండా వెళ్లబోతే ఉజ్వల ఆపింది. "ఇది మా జుయి పడుకున్న గది," అని చెప్పింది గౌరికి. తరవాత తలలు పెట్టారు, ముక్కుపుడకలు సరిచేశారు, పసుపుకుంకుమలు పెట్టి హారతి ఇచ్చారు. చిన్న గౌరి తల పక్కకి వాలుతుంటే ఉజ్వల స్టాండు కింద అట్టముక్క మడిచి పెట్టింది, "ప్రతి ఏడూ ఇదే గొడవ దీనితో," అంటూ, నిన్నగాక మొన్న కూడా పెట్టినట్టు.

మొదటిరోజు నైవేద్యం రొట్టె, మెంతికూర. వంటింట్లో నేల మీద కాగితం పరుచుకుని ఇద్దరూ ఆకు తుంచుతూ కూర్చున్నారు. మందాకిని ఆకు చూస్తూ, "జుయి..." అంది.

"పొద్దునే కొల్హాపూర్ వెళ్లిపోయింది, హాస్టలుకి. రేపు పరీక్ష. నువ్వు ఫోన్ చేసినప్పుడు బట్టలు సర్దుకుంటోంది. ఎవరో ఆజీ చేసింది అంది. ఆజీ కాదే, మీ పెద్దమ్మ అని చెప్పాను." ఒక కాడ పక్కన పడేసింది. "దానికి ఏమీ గుర్తులేదు వహినీ. నేను చెప్పాను, నాలుగేళ్లు నిన్ను పెంచింది అని. కథ విన్నట్టు వింటుంది."

మందాకిని తల ఊపింది. తరవాత, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనిపించి, "ఆ రోజు నేనన్న మాట..." అంది.

ఉజ్వల చేతులు ఆగలేదు. "నేను ఎవరికీ చెప్పలేదు."

"ఏమిటి?"

"ఆ మాట. ఎవరికీ చెప్పలేదు. ఆయనకి కూడా చెప్పలేదు. చెప్పాలంటే నా నోటితో అనాలి కదా, ఎలా అంటాను? నేనే చెప్పాపెట్టకుండా పిల్లని లాక్కొచ్చేశాను, మొహం చెల్లక వెళ్లట్లేదు అన్నాను. శాలినివన్స ఆడపడుచు హోదాలో చెడామడా తిట్టింది నన్ను. కన్నావు సరే, పెంచినదాని కడుపు కొడతావా అని. ఇప్పటికీ తిడుతుంది."

"శాలిని బస్టాండులో నన్ను చూసి మొహం తిప్పుకుంది."

"ఎప్పుడు?"

"పెద్దదాని పెళ్లయిన ఏడు."

"అప్పుడు ఆవిడకి కళ్ల ఆపరేషనై నెల కూడా కాలేదు వహినీ. ఎదురుగా ఏనుగు వచ్చినా కనపడేది కాదు." ఉజ్వల మొదటిసారి తలెత్తి చూసింది. "అందుకా నువ్వు ఎక్కడికీ రానిది? మేమంతా నీకు మా మీద కోపం అనుకున్నాం. నీ కోసం రెండు పెళ్లిళ్లలోనూ పక్కన చీర పెట్టి ఉంచారు." కాడలు ఒకచోటికి తోసింది. "నేను క్షమించేశానని మాత్రం అనుకోకు. కొన్ని రాత్రులు అది వినిపిస్తుంది. కానీ గౌరికి అడిగేవాళ్లు లేరంటే ఎలా రాకుండా ఉంటాను?"

నైవేద్యం పెట్టి, ఒక రొట్టె తిని, ఏడుంబావు బస్సుకి ఉజ్వల వెళ్లిపోయింది. రేపు కూరలు తరగడానికి వస్తానని చెప్పలేదు, రానని కూడా చెప్పలేదు. మందాకిని హాల్లో రెండు గౌరుల ముందు కూర్చుంది. ఎవరికీ తెలియదు. పద్నాలుగేళ్లు వీధిలో తల దించుకుని నడిచింది, కూరగాయల సంతలో తెలిసిన మొహం కనిపిస్తే సందు మార్చింది, శుభలేఖలన్నీ పెట్టె అడుగున పెట్టింది, అందరూ తనని చూసి ఆ మాటే తలుచుకుంటారని. ఎవరూ తలుచుకోలేదు. వాళ్లంతా మందావహిని ఎప్పుడొస్తుందా అని పక్కన చీర పెట్టుకుని కూర్చున్నారు. తేలిక పడాల్సిన గుండె తేలిక పడలేదు. ఇన్నాళ్లూ ఆ శిక్షని నలుగురూ కలిసి వేశారనుకుంది. తనొక్కతే వేసుకుంది, తనతో పాటు దత్తాకి కూడా, ఒంటరిగా పెళ్లిళ్లకి వెళ్లి ఆవిడకి ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చిన మనిషికి. ఆ మాట బరువుని ఉజ్వల ఒక్కతే, నోరెత్తకుండా, తిట్లు తింటూ మోసింది.

దత్తా పూల పొట్లంతో వచ్చాడు. గుమ్మంలో నిలబడి రెండు ముఖాలూ చూశాడు. "అమ్మయ్య, వచ్చేశారే. ఎవరడిగారు?"

"ఉజ్వల."

చెప్పులు విప్పకుండానే మెట్టు మీద కూర్చుండిపోయాడు. "ఏమంది?"

"తనేమీ అనలేదు. అన్నది నేను. ఆ రోజు, పిల్లని తీసుకెళ్లిన రోజు. మీకు చెప్పలేదు." ఆ మాట చెప్పింది. ఒక్క అక్షరం తగ్గించకుండా, మెత్తగా చెయ్యకుండా, అన్నది అన్నట్టుగా చెప్పింది. పందిట్లో మైకు ఆపేశారు అప్పుడే, కాబట్టి చాలా స్పష్టంగా వినిపించింది.

దత్తా చేతిలో పొట్లం వైపే చూస్తూ ఉండిపోయాడు. "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"మీరు కూడా వదిలేస్తారని."

ఆయన పొట్లం పక్కన పెట్టాడు. రెండు చేతులూ ఎత్తి, భుజాల మీద కూర్చున్న పిల్లవాడు పట్టుకున్నట్టు, తన చెవులు తనే పట్టుకున్నాడు. కాసేపటికి భుజాలు కదలడం మొదలుపెట్టాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవడం ఆమె చూడలేదు. ఈ ఇంట్లో ఏడ్చిన ఏడుపంతా జుయి కోసం, అదీ తను ఒక్కతే ఏడ్చింది. ఆరేళ్ల పిల్లవాడి కోసం ఇక్కడ ఎవరూ ఏడవలేదు, ఏడవనివ్వలేదు, వాడి పేరు వస్తే ఆ మాట వస్తుందని పేరే రానివ్వలేదు. మందాకిని లేచి వచ్చి మెట్టు మీద, కొంచెం దూరంగా, కూర్చుంది. ముట్టుకునే హక్కు ఉందో లేదో తెలియలేదు.

"ఓంకార్," అంది.

ఆయనకి వినిపించిందో లేదో అని ఇంకోసారి అంది.